కోడిగుడ్డంత కడుపు

గోడ మీద గిన్నె పెట్టారు, చూశాను. మూత తీయకముందే తెలిసింది లెండి లోపలేముందో. ఏలకుల వాసనని దాచగలిగే మూత ఇంకా ఎవరూ చేయలేదు. పూర్ణం బూరెలు! శ్రావణ శుక్రవారం పూట మీ ఇంట్లో బూరెలు కాక ఇంకేముంటాయి.

వద్దనడం లేదు. అలా మొహం పెట్టకండి. తీసుకుంటాను. కాకపోతే తినేముందు ఒకసారి గడియారం చూసుకోనివ్వండి. బూరెకీ గడియారానికీ ఏం చుట్టరికం అంటారా? మా ఇంట్లో ఉంది. బూరె నోట్లో పడ్డ పావుగంటకల్లా నేను మంచం మీద ఉండాలి. అదీ లెక్క.

“ఒక్కటి తింటే ఏమవుతుందమ్మా?” అని ఈ ఎనిమిదేళ్ళలో ఎంతమంది అడిగారో! నవ్వేసి ఊరుకునేదాన్ని. ఇవాళ మీరు తీరిగ్గా దొరికారు. పొయ్యి మీద ఏమీ లేదుగా? అయితే వినండి.

ముందు గుండె దడదడ. ఆ వెనకాల చెమటలు, సంక్రాంతి చలిలో అయినా సరే. తర్వాత కడుపులో ఎవరో ఇత్తడి బిందెలు దొర్లిస్తారు. ఖాళీవి. ఆపైన నిద్ర ముంచుకొస్తుంది. ఇల్లు తగలబడుతోందన్నా “ఓ పావుగంట ఆగి తగలబడమనండి” అనేంత నిద్ర. అరగంటో గంటో గడిచాక లేచి కూర్చుంటే ఏమీ జరగనట్టే ఉంటుంది. మొహం కడుక్కుని కాఫీ పెట్టుకోవచ్చు.

దీని పేరు డంపింగ్ సిండ్రోమట. పేరు పెట్టినవాళ్ళని ఏమనాలో చెప్పండి! డంపింగ్ అంటే మనకి గుర్తొచ్చేదేమిటి? మున్సిపాలిటీ చెత్త లారీ. మీ అత్తగారి చేతి బూరె, నెయ్యి కారుతున్న బూరె, దానికి చెత్త లారీ పేరా?

కాని పేరులో అబద్ధం లేదు, అదే బాధ. మనందరి కడుపు చివరా ఓ కవాటం ఉంటుంది, గేటు కాపలావాడిలాగ. తిన్నదాన్ని కొంచెం కొంచెంగా పేగులోకి వదులుతాడు. “ఆగండాగండి, వరసలో రండి” అంటూ. నాకు ఆపరేషన్లో ఆ గేటు దారే తప్పించేశారు. దాంతో బెల్లమూ పంచదారా తిన్నగా చిన్నపేగులోకి దిగబడిపోతాయి. అంత తీపిని పలచన చెయ్యడానికి పేగు ఒంట్లోంచి గబగబా నీళ్ళు లాక్కుంటుంది. ఇక దడ రాక ఏమవుతుంది!

బరువు తగ్గే ఆపరేషన్ అంటే కొవ్వు కోసి పారేస్తారనుకుంటారు చాలామంది. మా పెద్దాడపడుచు అయితే “ఎన్ని కిలోలు తీశారే?” అని అడిగింది, మటన్ కొట్టు ముందు నుంచున్నట్టు. ఒక్క కిలో తియ్యలేదు. కడుపుని పైభాగంలో కట్ చేసి, కోడిగుడ్డంత సంచీ మిగిల్చి, దానికి పేగుని కిందనుంచి తెచ్చి కలిపారు. కలిపిన తీరు పంగలకర్ర ఆకారంలో ఉంటుంది. చిన్నప్పుడు మామిడికాయలు కొట్టేవాళ్ళం చూడండి, ఆ పంగలకర్ర. ఒక కొమ్మ మీంచి అన్నం వస్తుంది, రెండో కొమ్మ మీంచి పైత్యరసాలొస్తాయి, రెండూ కాండం దగ్గర కలుస్తాయి. పేగుని ఇలా కలపడం స్విట్జర్లాండులోని లోజాన్‌లో సేజార్ రూ అనే సర్జన్ వాడుకలోకి తెచ్చాడు, 1890ల్లో. ఆయనకి లావు తగ్గించే ఆలోచనే లేదు, కడుపు జబ్బుల కోసం చేశాడు. ఆ తర్వాత అమెరికాలో, అయోవాలో, ఎడ్వర్డ్ మేసన్ అనే డాక్టరు ఒకటి కనిపెట్టాడు. అల్సర్లకి కడుపులో చాలా భాగం తీసేసినవాళ్ళు మళ్ళీ ఒళ్ళు చెయ్యడం లేదు. అయితే లావుగా ఉన్నవాళ్ళ కోసమే ఈ పని చేస్తే? 1966లో మొదలుపెట్టాడు. ఈ భూమ్మీద నేనింకా పుట్టలేదు, నా కడుపు కొలతలు మాత్రం అప్పుడే తీసేశారన్నమాట.

ఇందులో నాకు భలే నచ్చే ముక్క ఒకటుంది. మిగతా పాత కడుపుందే, అది ఎక్కడికీ పోలేదు. లోపలే ఉంది. అన్నం మెతుకు చూసి ఎనిమిదేళ్ళయింది, అయినా తన పాటికి తను రసాలు ఊరిస్తూనే ఉంది. రిటైరైన తాతగారు పొద్దున్నే స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా వేసుకుని, వీధరుగు మీద కూర్చోరూ? ఎవరూ పని చెప్పరు. ఆయన మాత్రం సిద్ధంగా ఉంటారు. నా పాత కడుపుని తలుచుకుంటే ఆ తాతగారే గుర్తొస్తారు. పాపమనిపిస్తుంది.

నూట పద్దెనిమిది కిలోలుండేదాన్నండీ. మీరు ఈ ఇంటికి రాకముందు. ఇప్పుడు డెబ్భై రెండు. 2017లో హైదరాబాదు వెళ్ళి చేయించుకున్నాను. అప్పటికి షుగరు, బీపీ, మోకాళ్ళు అన్నీ ఒకేసారి కక్ష కట్టాయి. మెట్లెక్కాలంటే మధ్యలో ఓ మజిలీ. సినిమాకెళ్తే సీటు చెయ్యి లోపలికి ఒత్తుకునేది. ఇవన్నీ పోయాయి. కొత్తవి కొన్ని వచ్చాయి. పాత కాపురస్తులు ఖాళీ చేశారు, కొత్తవాళ్ళు దిగారు. కొత్తవాళ్ళూ గొడవ మనుషులే. కాకపోతే ఏ పూట ఏ గొడవ చేస్తారో నాకు ముందే తెలుసు.

తిండి సంగతికొద్దాం. అక్కడికేగా మీ చూపు.

కోడిగుడ్డంత సంచీ అన్నాను చూడండి, అది మొదట్లో. ఇప్పుడు కాస్త సాగింది లెండి. అయినా ఓ కప్పు మించి పట్టదు. పైగా నమలాలి. ఇరవై అయిదు సార్లు నమలాలని చీటీలో రాసిచ్చారు. గోదావరి జిల్లాలో పుట్టినదాన్ని, ముద్ద నోట్లో పెట్టుకుంటే గొంతులోకి దానంతటదే జారాలి అని పెరిగినదాన్ని. నమలమంటారేమిటి! మొదటి నెల్లాళ్ళూ ఆవులా నెమరేస్తూ ఏడ్చాను.

ఇంకో ఘోరం, అన్నంతో నీళ్ళు తాగకూడదు. తిన్న అరగంట తర్వాతే. మనింట్లో కంచం కన్నా ముందు గ్లాసు పెడతాం కదండీ. మావారు ఇప్పటికీ నా కంచం పక్కన గ్లాసు పెట్టి, నాలిక కరుచుకుని, దాన్ని తనే తాగేస్తారు. ఆయన ఒంటికి నీళ్ళు బాగా పడుతున్నాయి.

తొందరపడి తింటే ఏమవుతుందంటారా? ఇరుక్కుంటుంది. ఇక్కడ, ఈ రొమ్ము ఎముక వెనక. కిందకి పోదు, పైకి రాదు. ఆటో ఎదురుగా లారీ వచ్చిన సందులాగ. నోట్లో నురగ ఊరుతుంది. ఆ పది నిమిషాలూ నాతో ఎవరూ మాట్లాడకూడదు, దేవుడు కూడా. వింతేమిటంటే నా సంచీకి మెత్తనివి పడవు. మెత్తటి అన్నం, బ్రెడ్డు, వేడి ఇడ్లీ ఇరుక్కుంటాయి. కరకరలాడే అట్టు అంచు మాత్రం హాయిగా దిగిపోతుంది. ముసలివాళ్ళకి మెత్తనివి పెట్టమంటారే, నాకు అటుది ఇటు.

పెసరట్టు ఒక్కటే నన్ను ఏనాడూ మోసం చెయ్యలేదు. మాంసకృత్తులు ముందు తినాలన్నారు, రోజుకి అరవై గ్రాములు తగ్గకూడదన్నారు. పెసలకన్నా మంచి పెద్దమనిషెవరండీ! అల్లం, పచ్చిమిర్చి, జీలకర్ర, పలచగా, అంచులు ఎర్రగా. ఉప్మా మాత్రం పట్టదు. ఒకప్పుడు ఎమ్మెల్యే పెసరట్టు రెండు లాగించి మూడోదాని కోసం వంటింట్లోకి చూసేదాన్ని. ఇప్పుడు ఉప్మా లేకుండా సగం అట్టు. వార్డు మెంబరు పెసరట్టు అని పేరు పెట్టాను. పదవి చిన్నదైనా పరువుంది.

పెళ్ళిళ్ళ సంగతి చెప్పనే లేదు కదూ. మొన్న మాఘమాసంలో అమలాపురం దగ్గర పెళ్ళి. బఫే ఉంటుందనుకుని ధైర్యంగా వెళ్ళాను. బఫే నాలాంటిదానికి వరం. ప్లేటు పట్టుకుని అటూ ఇటూ తిరిగితే భోంచేశామనే అనుకుంటారు. వీళ్ళు పంక్తి వేశారు. అరిటాకులు, వరసగా కుర్చీలు. అయిపోయాననుకున్నాను.

మనవాళ్ళ వడ్డన మీకు తెలియందేముంది. వద్దంటే వెయ్యడానికే వాళ్ళు పుట్టారు. ఆకు మీద రెండు చేతులూ గొడుగులా పట్టాను. వేళ్ళ సందుల్లోంచి పాయసం పోశాడు మహానుభావుడు. పులిహోర, ఆవడ, పనసపొట్టు కూర, గుమ్మడికాయ దప్పళం, ముద్దపప్పు, ఆవకాయ... రాశి పోసినట్టు పడింది. పెళ్ళికూతురి మేనమామ నా ఎదురుగా నుంచుని, చేతులు కట్టుకుని, “మా వంట నచ్చలేదామ్మా?” అన్నాడు. కళ్ళలో నీళ్ళొక్కటే తక్కువ. పక్కనే ఇంజినీరింగ్ చదివే మా మేనల్లుణ్ణి కూర్చోబెట్టుకున్నాను కాబట్టి బతికిపోయాను. ఎక్కడికెళ్ళినా వాణ్ణి పక్కన పెట్టుకుంటాను. నా ఆకులోవి వాడి ఆకులోకి సరిహద్దు దాటిపోతుంటాయి. వాడికి ఇరవై ఏళ్ళు, ఎంత పంపినా రసీదు అడగడు.

అసలు తమాషా చివర్లో. నేను తిన్నది ఆరు ముద్దలు. ఒక్కో ముద్దకీ ఇరవై అయిదు నమళ్ళు. లెక్క వేసుకోండి. పంక్తిలో అందరూ పూర్తి చేసి, పెరుగూ కలుపుకుని, చేతులెండబెట్టుకుని కూర్చున్నారు. పంక్తిలో ఒకళ్ళు తింటుండగా లేవకూడదు కదా! అందరికన్నా తక్కువ తిన్నదాని కోసం నలభై మంది ఆగారు. వెనకాల రెండో పంక్తివాళ్ళు కుర్చీలు పట్టుకుని నుంచున్నారు. ఎవరో పెద్దాయన అన్నారు, “ఎంత తింటోందర్రా ఆవిడ!” అని. చూశారా అన్యాయం? నూట పద్దెనిమిది కిలోలున్నప్పుడు కూడా నన్నెవరూ ఆ మాట అనలేదు.

మాత్రలు. వాటి భాగోతం వేరే. క్యాల్షియమూ ఐరనూ తోడికోడళ్ళు. ఒకే పూట ఒకే వంటింట్లో ఉంచారో, ఐరన్ పని సాగదు. మధ్యలో కనీసం రెండు గంటలు ఎడం ఉండాలి. ఐరన్ వేసుకున్నాక కాఫీ, టీ తాగకూడదు, దాన్ని ఒంటికి పట్టనివ్వవు. పొద్దున్నే ఫిల్టరు కాఫీ లేనిదే కళ్ళు తెరవని ఇంట్లో పుట్టి, ఐరన్ని ఎప్పుడు మింగను? అర్ధరాత్రా? చివరికి పగలు పదకొండింటికి దానికి ముహూర్తం పెట్టాను. క్యాల్షియంలో కూడా సిట్రేట్ రకమే కావాలి, మామూలుది అరగడానికి కావలసిన పులుపు నా సంచీలో లేదు. మందుల షాపు కుర్రాడు ప్రతిసారీ వేరేది ఇవ్వబోతాడు, నేను ప్రతిసారీ వెనక్కి ఇస్తాను. మా ఇద్దరికీ అదో పలకరింపు.

బీ12 అయితే పెళ్ళి సంబంధం లాంటిది. దానంతటది ఒంట్లోకి రాదు. కడుపులో పుట్టే ఓ పదార్థం చెయ్యిపట్టుకు తీసుకెళ్తేనే పేగు దాన్ని లోపలికి రానిస్తుంది. పెళ్ళిళ్ళ పేరయ్య అన్నమాట. నా ఒంట్లో ఆ పేరయ్య పాత కడుపులో ఉండిపోయాడు, తిండి కొత్త దారిలో పోతోంది. పేరయ్య ఒక ఊళ్ళో, పెళ్ళికొడుకు మరో ఊళ్ళో. ఇక సంబంధం ఎలా కుదురుతుంది! అందుకని నెలకోసారి కాంపౌండరుగారొచ్చి సూదిమందు వేస్తారు. లేచిపోయి చేసుకున్న పెళ్ళిలాగ, మధ్యవర్తులతో పనిలేదు.

నవ్వుతున్నారు గాని, నాలుగో ఏడు మాత్రం నేను ఒళ్ళు మరిచి మాత్రలు మానేశాను. బాగానే ఉన్నానుగా అని. మీకు తెలియదు, ఆ రోజుల్లో దొంగతనంగా బియ్యం నమిలేదాన్ని. డబ్బాలో చెయ్యి పెట్టి గుప్పెడు. పటపటమంటుంటే ఎంత హాయో! మా అమ్మ చూసి, “బియ్యం తింటే పెళ్ళిలో వాన పడుతుందే” అంది. అమ్మా, పెళ్ళయి ముప్పై ఏళ్ళయింది, ఆ వానేదో అప్పుడే వెలిసింది అన్నాను. తీరా రక్తపరీక్ష చేయిస్తే హిమోగ్లోబిన్ 7.4. ఐరన్ పట్టే చోటు చిన్నపేగు మొదట్లో ఉంటుంది, నా దారి సరిగ్గా దాన్నే తప్పించుకుపోతుంది. ఐరన్ తగ్గితే ఇలా బియ్యం, సుద్ద, మట్టి, ఐసుముక్కలు నమలాలనిపిస్తుందట. సెలైన్లో ఐరన్ ఎక్కించారు. కొన్నాళ్ళకి బియ్యం డబ్బా వైపు చూడబుద్ధి కాలేదు. ఇప్పటికీ ఆ పటపట గుర్తొస్తే కొంచెం బెంగ.

జుట్టు నాలుగో నెల్లో రాలింది, దువ్వెన నిండా. మళ్ళీ వచ్చింది. గాల్‌బ్లాడర్‌లో రాళ్ళొచ్చాయి, గబగబా బరువు తగ్గితే వస్తాయట, దాన్ని తీసేశారు. చర్మం వేలాడుతుంది. భుజాల కింద చెయ్యి ఊపితే అదో పక్క ఊగుతుంది. మనవడు దాన్ని ఉయ్యాల అంటాడు. ఇంతకన్నా వీటి గురించి చెప్పుకునేదేమీ లేదు.

మోకాలి నొప్పికి మొన్న మీరిచ్చిన మాత్ర వద్దన్నానని చిన్నబుచ్చుకున్నారు కదూ. చూశాను. డైక్లోఫెనాక్, బ్రూఫెన్ లాంటివి నేను ముట్టుకోకూడదండీ. సంచీకీ పేగుకీ కుట్టు వేసిన చోట పుండు పడుతుంది. పారాసిటమాలే నాకు గతి. మీ మీద కోపం కాదు.

ఇంకొకటుంది, అది మాత్రం నవ్వులాట కాదు. మూడేళ్ళ కిందట ఓ రాత్రి రెండింటికి కడుపులో మెలిపెట్టింది. వెన్నులోకి పొడుచుకొస్తోంది. ఆసుపత్రికి వెళ్తే డ్యూటీలో ఉన్న కుర్ర డాక్టరు గ్యాసన్నాడు. మావారు ఎన్నడూ గొంతెత్తని మనిషి. ఆవేళ మాత్రం “మా ఆవిడకి కడుపుకి బైపాస్ అయింది, స్కానింగ్ తీస్తారా తియ్యరా” అని టేబులు మీద చరిచారు. ఒంట్లో కొవ్వు కరిగాక పేగుల మధ్య కుట్లేసిన చోట్ల సందులు ఏర్పడతాయి. ఓ సందులోకి పేగు దూరి మెలిపడింది. తెల్లారేసరికి మళ్ళీ ఆపరేషన్. ఇంకాస్త ఆలస్యమైతే పేగు కుళ్ళిపోయేదన్నారు. అప్పట్నుంచి పర్సులో ఓ చీటీ పెట్టుకుంటున్నాను, నా కడుపు పటం గీయించి. మీకూ చూపిస్తా. మావారు ఊళ్ళో లేనప్పుడు ఎప్పుడైనా నేను అలా మెలికలు తిరిగితే టేబులు చరచాల్సింది మీరే.

అబ్బే, మొహం అలా పెట్టకండి మళ్ళీ.

షుగరు పడిపోయే కథ వినండి, సరదాగా ఉంటుంది. ఒకప్పుడు షుగరు మూడొందలుండేదా? ఇప్పుడు ఉండుండి యాభై రెండుకి దిగుతుంది. అన్నమో తీపో ఎక్కువైతే రక్తంలో షుగరు ఒక్కసారి ఎగురుతుంది. అది చూసి ఒళ్ళు కంగారుపడి ఇన్సులిన్ దిమ్మరిస్తుంది. రెండు గంటల తర్వాత చూస్తే అడుగంటి ఉంటుంది. చీరల కొట్లో కూర్చున్నాను ఓసారి. చేతులు వణుకుతున్నాయి, చెమటలు, కళ్ళు బైర్లు. కొట్టు కుర్రాడు చీర ధర చూసి వచ్చిందనుకున్నాడు. “మేడం, తగ్గిస్తాం మేడం!” అని పరుగెత్తుకొచ్చాడు. గ్లూకోజు బిళ్ళ నోట్లో వేసుకుని, పర్సులో వేరుశనగలు నమిలి, తేరుకుని చూస్తే చీర మీద ఎనిమిది వందలు తగ్గింది. తీసుకోక తప్పలేదు. అదే, మొన్న వరలక్ష్మీ వ్రతానికి కట్టుకున్న వంకాయ రంగుది.

మీకో రహస్యం చెప్పనా? నాకు తిండి రుచి ఇప్పుడు తెలిసినంతగా అప్పుడు తెలియదు. మూడు బంగినపల్లులు తినే రోజుల్లో మూడూ ఒక్కలాగే ఉండేవి. ఇప్పుడు ఒక్క ముక్క. ఆ ఒక్క ముక్క ఏ కాయలోంచి, టెంక పక్కదా, బుగ్గదా, అని పెళ్ళిచూపులు చూసినట్టు చూస్తాను. కొత్తావకాయ ముద్ద ఏడాదికి మూడు. వేడన్నం, నువ్వులనూనె, జాడీ అడుగున ఊరిన ముక్క. ముద్ద కట్టి, చూసుకుని, కళ్ళు మూసుకుని పెట్టుకుంటాను. ఇరవై అయిదు సార్లు నమలమన్నారు కదా? ఆవకాయ ముద్దకి నలభై. ఎవరొద్దన్నారు!

ఇంకోటి. ఒడి. నవ్వకండి, నిజం. నూట పద్దెనిమిది కిలోలున్నప్పుడు నాకు ఒడి లేదు. కూర్చుంటే పొట్టే మోకాళ్ళదాకా ఉండేది. మా అమ్మాయి చిన్నప్పుడు పక్కన కూర్చునేది. ఇప్పుడు మనవడొచ్చి దభీమని ఒళ్ళో పడతాడు. పడి నా ఉయ్యాల చర్మం లాగుతాడు. మీవాడు కూర్చోడూ? మీకది మామూలేమో. నాకు యాభై ఏళ్ళు దాటాక వచ్చింది.

టైమెంతయింది? నాలుగూ పది. అయిదింటికి క్యాల్షియం. మధ్యలో యాభై నిమిషాలున్నాయి, దడకి సరిపోతాయి. గిన్నె ఇటివ్వండి. బూరె మొత్తం కాదు, ఇదిగో ఇంత. తోపు పిండి తీసేస్తాను, అది మావారికి. పూర్ణం మాత్రం నాకు, బఠాణీగింజంత. అబ్బ! కొబ్బరి కూడా వేశారా మీ అత్తగారు? చెప్పనే లేదు!

సరే, ఇక పడుకోవాలి. ఆగండాగండి, గిన్నె ఖాళీగా ఇవ్వకూడదు. కరివేపాకు రెండు రెబ్బలు కోసుకొస్తా. ఆ మిగిలిన బూరెలు? అవి మీ గిన్నెలో లేవండీ. మావారికని తీశాను. నాలుగూ ఆయనకే. లెక్కపెట్టకండి.